వెనుక దీపం

పూర్వం రాత్రివేళ ప్రయాణించే ఎడ్లబండికి ఇరుసు కింద ఒక లాంతరు వేలాడుతూ ఉండేది. ఆ చిన్న వెలుగులో బండివానికి కనిపించే దారి చాలా తక్కువ. ఎద్దులకు దారి తెలుసు. తోలేవాడు కునికిపాట్లు పడుతున్నా అవి ఊరు చేర్చేవి. అయినప్పటికీ లాంతరు లేకుండా చీకటిలో బండి కట్టడాన్ని పెద్దలు మెచ్చేవారు కాదు. ఆ దీపం బండివానికి దారి చూపడానికి ఉద్దేశించినది కాదు. ఎదురుగా గాని వెనుకగా గాని వచ్చే మరొక బాటసారికి 'ఇక్కడ ఒక బండి ఉంది' అని తెలియజేయడమే దాని పని.

నేటి మోటారు వాహనాల వెనుక వెలిగే ఎర్రని దీపం ఆ లాంతరుకు వారసురాలు. ముందు దీపాలు నడిపేవాని కోసం. వెనుక దీపాలు ఇతరుల కోసం. ఈ భేదం చిన్నదిగా కనిపించినా దాని ఫలితం పెద్దది. ముందు దీపం మసకబారితే నడిపేవానికి వెంటనే తెలుస్తుంది, మరునాడే బాగుచేయించుకుంటాడు. వెనుక దీపం మసకబారితే అతనికి తెలియదు. కారు నడిపేవాడు తన కారు బ్రేకు దీపం ఎట్లా వెలుగుతున్నదో నడుపుతూ ఎన్నడూ చూడలేడు. ఆ లోపం తెలిసేది వెనుక వచ్చేవానికి మాత్రమే. అది కూడా ఒక్కొక్కసారి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

భారతదేశంలో 2022వ సంవత్సరంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయనీ, వాటిలో 1,68,491 మంది మరణించారనీ కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక తెలుపుతున్నది. ఆ ప్రమాదాలలో ఐదవ వంతుకు పైగా, ఒక వాహనాన్ని మరొకటి వెనుక నుంచి ఢీకొనడం వల్ల జరిగినవే. వీటన్నింటికీ దీపాలే కారణం కాదు. వేగం, అజాగ్రత్త, చాలినంత దూరం పాటించకపోవడం వంటి కారణాలు అనేకం ఉన్నాయి. కాని ముందున్న వాహనం సకాలంలో కనిపించడం, అది ఆగబోతున్నదని సకాలంలో తెలియడం అన్నవి ఈ ప్రమాదాల నివారణకు తొలిమెట్టు. పాత కార్ల విషయంలో ఈ తొలిమెట్టే బలహీనంగా ఉంటుంది.

తార్నాక దారిలో పాత కారు

హైదరాబాదులో తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా ఉండే చోటు. ఒకప్పుడు ఇక్కడ తీగకంచె, కాపలా చౌకీ ఉండడం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తలమానికమైన ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. 1944లో మొదలైన పరిశోధనశాల నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా తార్నాకలో కొనసాగుతున్నది. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి విశ్వవిద్యాలయానికి పొరుగున నెలకొన్నది. ఈ విధంగా ఆచార్యులు, శాస్త్రవేత్తలు, రైల్వే ఉద్యోగులు నివసించే పేటగా తార్నాక పెరిగింది.

ఆ తరం వారికి కారు అంటే ముఖ్యంగా రెండే పేర్లు. ఒకటి అంబాసిడర్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దీనిని బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర తయారుచేయడం ప్రారంభించింది. 2014లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. రెండవది ఇటలీ దేశపు ఫియట్ 1100 నమూనాతో బొంబాయిలోని కుర్లాలో తయారై, తరువాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న కారు. ఆ కర్మాగారాలు ఇప్పుడు ఈ కార్లను చేయకపోయినా కార్లు మాత్రం పూర్తిగా మాయం కాలేదు. తండ్రి కొన్న కారని, తాత నడిపిన కారని వాటిని కంటికి రెప్పలా కాపాడుకుంటున్న కుటుంబాలు నగరంలో ఉన్నాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన నిజాం వారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ వలె అద్దాల వెనుక ఉండిపోతే వీటికి దీపాల చింత లేదు. కాని ఆదివారం సాయంత్రం ఒకసారైనా రోడ్డెక్కే కారుకు ఆ చింత తప్పదు.

కారు మారలేదు గాని రోడ్డు మారింది. ఈ కార్లు కొత్తగా ఉన్న రోజులలో సికింద్రాబాదు నుంచి ఉప్పల్ వెళ్ళే దారిలో వాహనాలు తక్కువ, వేగాలు తక్కువ. నేడు తార్నాక కూడలిలో పైవంతెన ఉంది. 2017 నుంచి మెట్రో రైలు నడుస్తున్నది. ఎల్.ఇ.డి. దీపాల కొత్త కార్లు, బస్సులు, ఆటోలు, దుకాణాల బోర్డులు కలిసి కూడలిని వెలుగుల సముద్రంగా మారుస్తాయి. ఆ వెలుగుల మధ్య ఐదు వాట్ల పాత బల్బు వెనుక దీపం కలిసిపోయి కనిపించకుండా పోతుంది. అక్కడి నుంచి ఆర్ట్స్ కళాశాల వైపు మళ్ళితే పరిస్థితి తారుమారవుతుంది. చెట్ల నీడ దట్టంగా ఉన్న చోట సంధ్యవేళకే చీకటి ముసురుతుంది. వెలుగులో నుంచి ఆకస్మాత్తుగా నీడలోకి వచ్చిన కన్నుకు సర్దుకోవడానికి కొంత వ్యవధి కావాలి. అదే దారిలో నడకకు వచ్చినవారు, సైకిళ్ళు, ద్విచక్ర వాహనాలపై విద్యార్థులు ఉంటారు. ద్విచక్ర వాహనంపై వెనుక వస్తున్న విద్యార్థికి ముందున్న పాత కారు ఆగుతున్నదో సాగుతున్నదో తెలియకపోతే దెబ్బ తగిలేది మందమైన ఉక్కు రేకు గల కారుకు కాదు, ఆ విద్యార్థికే.

దీపం ఎందుకు మసకబారుతుంది?

పాత కార్ల వెనుక దీపంలో సాధారణంగా రెండు తంతువులు గల బల్బు ఉంటుంది. ఒక తంతువు ఐదు వాట్లది. ముందు దీపాలతో పాటు అది రాత్రంతా వెలుగుతుంది. రెండవది ఇరవైయొక్క వాట్లది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వెలుగుతుంది. విద్యుత్ వినియోగంలో రెండింటి నిష్పత్తి సుమారు నాలుగు రెట్లే అయినా, కాంతిలో బ్రేకు తంతువు పది రెట్లకు పైగా ఎక్కువ. ఈ భేదమే వెనుకవానికి సందేశం. మంద్రమైన ఎరుపు 'నేను ఉన్నాను' అంటుంది. తీవ్రమైన ఎరుపు 'నేను ఆగుతున్నాను' అంటుంది.

ఈ సందేశం క్షీణించడానికి బల్బు ఒక్కటే కారణం కాదు. కారు వైరింగులో బ్యాటరీ నుంచి దీపం వరకు ఒక తీగ వెళుతుంది. విద్యుత్తు తిరిగి రావడానికి కారు ఉక్కు శరీరమే మార్గం. దీనినే మెకానిక్కులు ఎర్తింగ్ అంటారు. నలభై, యాభై వర్షాకాలాలు చూసిన రేకులో బల్బు హోల్డరు బిగించిన చోట తుప్పు పడుతుంది. తుప్పుకు విద్యుత్ నిరోధం ఎక్కువ.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో నేర్చుకునే ఓమ్ నియమం ఇక్కడ పనికి వస్తుంది. రెండు బ్రేకు బల్బులు కలిసి నలభై రెండు వాట్లు. పన్నెండు వోల్టుల వద్ద అవి తీసుకునే విద్యుత్ ప్రవాహం మూడున్నర ఆంపియర్లు. దారిలోని పాత తీగ, తుప్పు పట్టిన అతుకులు కలిసి 0.4 ఓమ్‌ల అదనపు నిరోధాన్ని చేర్చాయని భావిస్తే, దాదాపు 1.2 వోల్టులు ఆ దారిలోనే ఖర్చయిపోతాయి. బల్బుకు చేరేది 10.8 వోల్టులు మాత్రమే. తగ్గినది పదవ వంతే కదా అనిపించవచ్చు. కాని తంతువు బల్బు కాంతి వోల్టేజికి సమానంగా తగ్గదు. సుమారుగా వోల్టేజి 3.4వ ఘాతాన్ని అనుసరించి తగ్గుతుంది. వోల్టేజి పది శాతం తగ్గితే కాంతి ముప్పై శాతం తగ్గుతుంది. ఇరవై శాతం తగ్గితే కాంతి సగం కూడా మిగలదు.

ఎర్తింగ్ చెడినప్పుడు మరొక వింత కూడా కనిపిస్తుంది. బ్రేకు తొక్కగానే వెనుక దీపం ప్రకాశించడానికి బదులు మరింత మసకబారవచ్చు. ఇండికేటర్ వేస్తే దానితో పాటు వెనుక దీపం కూడా మినుకుమినుకుమనవచ్చు. తిరుగు దారి మూసుకుపోయిన విద్యుత్తు పక్క తంతువు గుండా మరొక దారి వెతుక్కోవడమే ఇందుకు కారణం. ఈ లక్షణం కనిపించిన కారుకు కొత్త బల్బులు ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదు.

దీపపు గూడు లోపలి పరావర్తకం మరొక కారణం. తంతువు కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. గూడు లోపలి మెరుపు పూత ఆ కాంతిని పోగుచేసి వెనుకకు పంపాలి. పూత రాలిపోయి, దుమ్ము పేరుకుంటే కాంతి గూటిలోనే అణగిపోతుంది. పైనున్న ఎర్రని కవచం ఎండకు వెలిసిపోయినా, లోపల మసి పట్టినా నష్టమే. ఇవి గాక ఆ కాలపు అనేక కార్లలో బ్రేకు దీపపు స్విచ్చి బ్రేకు నూనె గొట్టానికి అమర్చి ఉంటుంది. గొట్టంలో ఒత్తిడి తగినంత పెరిగితేనే దీపం వెలుగుతుంది. ఆ స్విచ్చి బలహీనపడితే నెమ్మదిగా బ్రేకు తొక్కినప్పుడు కారు వేగం తగ్గుతూనే ఉంటుంది గాని దీపం మాత్రం వెలగదు.

మొదటి పని: ఉన్నదానిని బాగుచేయడం

మెరుగుపరచడం అనగానే కొత్త వస్తువు కొనడం అని చాలామంది భావిస్తారు. పాత కారు విషయంలో మొదటి పని కొనుగోలు కాదు, శుభ్రపరచడం. కవచాన్ని విప్పి సబ్బునీటితో లోపలా బయటా కడగాలి. బల్బు హోల్డరులోని ఇత్తడి ముఖాలను గరుకు కాగితంతో మెరిసే వరకు రుద్దాలి. హోల్డరును రేకుకు బిగించే చోట తుప్పు గీకి, శుభ్రమైన లోహం తగిలేటట్లు బిగించాలి. అంతకన్నా మేలైన మార్గం, ప్రతి దీపపు గూటి నుంచి చాసిస్‌కు ఒక ప్రత్యేకమైన ఎర్తింగ్ తీగ వేయడం. దీనికయ్యే ఖర్చు స్వల్పం. ఫలితం మాత్రం కంటికి కనిపిస్తుంది.

తరువాత పరావర్తకానికి వేడిని తట్టుకునే వెండిరంగు గాని, తెల్లరంగు గాని పూయాలి. కవచం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండిపోయి ఉంటే మార్చాలి. లేకుంటే మొదటి వానకే నీరు చేరి చేసిన పనంతా వృథా అవుతుంది. బ్రేకు స్విచ్చిని పరీక్షించాలి. చివరగా, ఇంజను నడుస్తుండగా బల్బు హోల్డరు వద్ద ఎన్ని వోల్టులు ఉన్నాయో, బ్యాటరీ వద్ద ఎన్ని ఉన్నాయో మీటరుతో కొలవాలి. రెండింటి మధ్య అర వోల్టుకు మించి తేడా ఉంటే దారిలో ఇంకా ఎక్కడో దొంగ ఉన్నాడని అర్థం.

ఇంతవరకు చేసిన పనిలో కారు స్వరూపం అణువంతైనా మారలేదు. కర్మాగారం నుంచి వచ్చిన రోజున ఆ దీపం ఎంత వెలిగిందో అంత వెలుగు తిరిగి వచ్చింది. నేటి రోడ్డుకు అది చాలదనిపిస్తేనే రెండవ మెట్టు ఎక్కాలి.

కొత్త బల్బు, పాత గూడు

రెండవ మెట్టు ఎల్.ఇ.డి. బల్బు. కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికా శాస్త్రవేత్త నిక్ హోలోన్యాక్ రూపొందించాడు. తంతువు బల్బు తాను గ్రహించిన విద్యుత్తులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగా వృథా చేస్తుంది. ఎల్.ఇ.డి.లో విద్యుత్తు అర్ధవాహకపు సంధి గుండా ప్రవహించినప్పుడు నేరుగా కాంతి పుడుతుంది. కాబట్టి ఇరవైయొక్క వాట్ల తంతువు చేసే పనిని మూడు నాలుగు వాట్లతో చేయగలదు. ప్రవాహం తగ్గడం వల్ల పాత తీగలపై భారం తగ్గుతుంది. గూటిలో వేడి తగ్గి ప్లాస్టిక్ కవచం కూడా ఎక్కువ కాలం మన్నుతుంది.

అంతకన్నా ముఖ్యమైన లాభం వేగం. తంతువు చల్లని స్థితి నుంచి వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో సుమారు ఐదవ వంతు పడుతుంది. ఎల్.ఇ.డి. దాదాపు తక్షణమే వెలుగుతుంది. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 16.7 మీటర్లు కదులుతుంది. సెకనులో ఐదవ వంతు అంటే 3.3 మీటర్లు. అది రమారమి రెండు స్కూటర్ల పొడవు. వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారునికి, ఢీకొనడానికీ ఆగగలగడానికీ మధ్య తేడా ఒక్కొక్కసారి ఆ మూడు మీటర్లే.

అయితే పాత గూటిలో కొత్త బల్బు పెట్టేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది రంగు. ఎర్రని కవచం వెనుక తెల్లని ఎల్.ఇ.డి. పెడితే ఎక్కువ కాంతి వస్తుందని చాలామంది పొరబడతారు. తెల్లని ఎల్.ఇ.డి.లో అసలు పుట్టేది నీలి కాంతి. దానిపై పూసిన పసుపుపచ్చ పదార్థం వల్ల అది తెలుపుగా కనిపిస్తుంది. అందులో ఎరుపు పాలు తక్కువ. ఎర్రని కవచం మిగిలిన రంగులన్నింటినీ ఆపేస్తుంది కాబట్టి చివరకు బయటకు వచ్చేది కొద్దిపాటి వెలుగే. ఎర్రని కవచానికి ఎర్రని ఎల్.ఇ.డి., కాషాయరంగు ఇండికేటర్ కవచానికి అదే రంగు ఎల్.ఇ.డి. వాడాలి. నంబరు పలకపై వెలుగు ప్రసరించే దీపానికి మాత్రం తెల్లనిది ఉండాలి.

రెండవది ఆకృతి. ఎల్.ఇ.డి. కాంతిని ఒకే దిశలో పంపుతుంది. పాత గూడు, తంతువు ఒక నిర్ణీత బిందువు వద్ద ఉండి నలువైపులా కాంతి వెదజల్లుతుందనే భావనతో రూపొందింది. కాబట్టి చివరన మాత్రమే కాకుండా చుట్టుపక్కలకు కూడా కాంతిగింజలు అమర్చిన బల్బును ఎంచుకోవాలి. లేకుంటే కవచం మధ్యలో ఒక్క చుక్క మెరుస్తుంది. మిగిలిన భాగం చీకటిగా ఉంటుంది. పక్క నుంచి చూసేవారికి అది కనిపించదు.

మూడవది నిష్పత్తి. కొన్ని చౌక రకాలలో సాధారణ వెలుగుకూ బ్రేకు వెలుగుకూ తేడా చాలా తక్కువ. అవి ఎంత ప్రకాశవంతమైనవైనా పనికిరావు. 'ఉన్నాను' అనే మాటకూ 'ఆగుతున్నాను' అనే మాటకూ తేడా తెలియకపోతే రెండు మాటలూ వ్యర్థమే.

నాలుగవది ధ్రువత్వం. తంతువు బల్బుకు విద్యుత్తు ఏ దిశలో ప్రవహించినా ఒకటే. డయోడు మాత్రం ఒక దిశలోనే విద్యుత్తును పోనిస్తుంది. 1950లలోను, 1960లలో కొంతకాలం వరకును అనేక బ్రిటిష్ నమూనా కార్లలో బ్యాటరీ ధన ధ్రువాన్ని కారు శరీరానికి కలిపేవారు. నేటి బల్బులు చాలావరకు రుణ ధ్రువం శరీరానికి కలిపిన కార్ల కోసం తయారవుతాయి. అందువల్ల మొదట బ్యాటరీ ఎట్లా కలిపి ఉందో చూసి, దానికి తగిన బల్బునే తెచ్చుకోవాలి.

ఐదవది ఇండికేటర్ల ఫ్లాషర్. పాత ఫ్లాషర్ లోపలి లోహపు భాగం బల్బుల ప్రవాహానికి వేడెక్కి వంగుతూ, చల్లబడి తిరిగి నిలుస్తూ దీపాన్ని వెలిగిస్తుంది, ఆర్పుతుంది. ఎల్.ఇ.డి. తీసుకునే కొద్దిపాటి ప్రవాహం దానిని వేడెక్కించలేదు. అప్పుడు ఇండికేటర్ మినుకుమనకుండా ఒకే తీరుగా వెలుగుతూ ఉండిపోతుంది. ఎల్.ఇ.డి.ల కోసం రూపొందిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్‌ను అమర్చడం దీనికి సరైన పరిష్కారం. బల్బుకు సమాంతరంగా నిరోధకాన్ని కలిపే పద్ధతి కూడా ఉన్నది గాని, ఆ నిరోధకం బాగా వేడెక్కుతుంది. తీగలకు, గుడ్డకు, ప్లాస్టిక్‌కు దూరంగా లోహంపై బిగించకపోతే ప్రమాదం.

మూడవ బ్రేకు దీపం

పాత కార్ల వెనుక దీపాలు చిన్నవి. పైగా నేలకు దగ్గరగా ఉంటాయి. రద్దీలో మధ్యనున్న ద్విచక్ర వాహనం వాటిని మూసివేస్తుంది. ఈ లోపానికి విరుగుడు వెనుక అద్దం మధ్యన, ఎత్తులో ఉండే మూడవ బ్రేకు దీపం. 1974లో జాన్ వొయెవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో కొన్ని టాక్సీలకు అటువంటి దీపం అమర్చి పరీక్షించాడు. ఆ దీపం లేని టాక్సీలతో పోలిస్తే వాటిని వెనుక నుంచి ఢీకొన్న ప్రమాదాలు సుమారు అరవై శాతం తక్కువగా నమోదయ్యాయి. తరువాత 1986 నమూనాల నుంచి అమెరికాలో కొత్త కార్లన్నింటికీ ఈ దీపం తప్పనిసరి అయింది. అది సర్వసాధారణమైన తరువాత లాభం తగ్గి, 4.3 శాతం వద్ద స్థిరపడిందని ఆ దేశ రహదారి భద్రతా సంస్థ 1998లో తేల్చింది. కొత్తదనం పోయిన తరువాత కూడా మిగిలిన లాభం అది. చిన్న సంఖ్యగా కనిపించినా, దేశవ్యాప్తంగా లెక్కిస్తే అది వేలాది ప్రమాదాల నివారణ.

అంబాసిడర్ వంటి కారుకు ఈ దీపాన్ని రేకుకు రంధ్రం చేయకుండానే అమర్చవచ్చు. వెనుక సీటు పైనున్న పలకపై, అద్దానికి లోపలి వైపు ఒక సన్నని ఎల్.ఇ.డి. పట్టీని నిలిపి, బ్రేకు దీపపు తీగ నుంచి ఒక కొమ్మను దానికి కలిపితే సరిపోతుంది. వెలుగు అద్దంపై పడి నడిపేవాని కంటికి తిరిగి రాకుండా పట్టీని అద్దానికి ఆనించి ఉంచాలి. ప్రదర్శనకు వెళ్ళిన రోజున దానిని తీసి పక్కన పెట్టవచ్చు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ పెట్టుకోవచ్చు.

విద్యుత్తుతో పని లేని మరొక రక్షణ కూడా ఉంది. అది ఎర్రని పరావర్తక బిళ్ళ. దాని లోపల ఉండే చిన్న చిన్న మూలలు తమపై పడిన కాంతిని, అది ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ దిక్కుకే తిప్పి పంపుతాయి. వెనుక వచ్చే వాహనం వెలుగే దానికి నూనె, వత్తి. బ్యాటరీ నిండుకొని కారు రోడ్డు పక్కన చీకటిలో నిలిచిపోయినప్పుడు ఆ బిళ్ళ ఒక్కటే మాట్లాడుతుంది.

చట్టం చెప్పేది

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం వెనుకనున్న ఎర్రని దీపం నిర్ణీత దూరం నుంచి కనిపించాలి. నంబరు పలకపై పడే తెల్లని వెలుగులో అంకెలు పదిహేను మీటర్ల నుంచి చదవగలిగి ఉండాలి. సూర్యాస్తమయమైన అరగంట తరువాత నుంచి, వెలుతురు చాలని ఏ వేళలోనైనా ఈ దీపాలు వెలగాలి. కారు ఎంత పాతదైనా ఈ బాధ్యత నుంచి మినహాయింపు ఉందని ఎవరూ భావించరాదు.

మరొక వైపు, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, నమోదు పత్రంలోని వివరాలకూ తయారీదారు నిర్దేశించిన వివరాలకూ పొంతన లేకుండా పోయేటట్లు వాహనాన్ని మార్చరాదని చెబుతున్నది. 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. మొదటి నమోదు జరిగి యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను మూల రూపంలోనే ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు ఆ కోవలోకి వస్తాయి. వాటికి ప్రత్యేకమైన నంబరు పలక ఉంటుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, మరమ్మతుకు, ఇంధనం నింపుకోవడానికి మాత్రమే అవి రోడ్డుపైకి రావచ్చు; నిత్య ప్రయాణాలకు గాని, వ్యాపారానికి గాని వాడరాదు.

ఈ రెండు వైపులా ఆలోచిస్తే అనుసరించవలసిన సూత్రం స్పష్టమవుతుంది. చేసిన ప్రతి మార్పూ తిరిగి తీసివేయగలిగినదిగా ఉండాలి. రేకు కోయరాదు, దీపపు గూడు పారవేయరాదు, పాత బల్బులు, ఫ్లాషరు ఒక పెట్టెలో భద్రపరచాలి. గూడు పాతది, వెలుగు కొత్తది కావడంలో తప్పు లేదు. గుడిలో ప్రమిద శతాబ్దాల నాటిదే కావచ్చు. వత్తి, నూనె ఏనాటికానాడు మార్చవలసిందే.

నూరు అడుగుల వెనుక నుంచి

పని పూర్తయిన తరువాత పరీక్షించే పద్ధతి చాలా సులభం. రాకపోకలు లేని చోట, మునిమాపువేళ కారును ఒక పక్కగా నిలపాలి. ఒకరు లోపల కూర్చొని వరుసగా దీపాలు, బ్రేకు, ఇండికేటర్లు వేయాలి. మరొకరు వెనుకకు డెబ్బై ఐదు మీటర్లు, అంటే పెద్దవారి అంగలతో రమారమి నూరు అడుగులు వేసి, అక్కడి నుంచి చూడాలి. రెండు దీపాలూ సమానంగా ఉన్నాయా? బ్రేకు తొక్కిన క్షణం స్పష్టంగా తెలుస్తున్నదా? ఇండికేటర్ వెలుగు బ్రేకు వెలుగులో కలిసిపోతున్నదా? కొంచెం పక్కకు జరిగినా కనిపిస్తున్నదా? ఇదే పరీక్షను వాన వెలిసిన సాయంత్రం మరొకసారి చేయాలి. తడిసిన రోడ్డు ప్రతి వెలుగును రెండింతలు చేసి చూపుతుంది. అసలు దీపమేదో పోల్చుకోవడం అప్పుడే కష్టం.

వెనుక నిలబడిన వ్యక్తి కళ్ళు చిట్లించవలసి వస్తే వెలుగు మితిమీరిందని గ్రహించాలి. కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపం, కనిపించని దీపం రెండూ ఒకే విధమైన హాని చేస్తాయి. రంగులు మార్చే పట్టీలు, నిరంతరం మినుకుమనే బ్రేకు దీపాలు ఆడంబరానికే గాని సందేశానికి పనికిరావు. వెనుకవానికి కావలసినది మెరుపు కాదు, స్పష్టత.

పాత వస్తువును కాపాడడం సంస్కారం. తోటి మనిషిని కాపాడడం అంతకన్నా పెద్ద సంస్కారం. రెండింటిలో ఒకదానినే ఎంచుకోవలసిన అవసరం లేదని తుప్పు గీకిన ఒక హోల్డరు, పది రూపాయల తీగముక్క, సరిగా ఎంచుకున్న ఒక ఎర్రని బల్బు నిరూపిస్తాయి. తన దారి తనకు కనిపించాలని కోరుకోవడం అందరూ చేసే పని. తాను ఇతరులకు కనిపించాలని, తన కదలికను వారికి ముందుగా తెలియజేయాలని శ్రద్ధ వహించడం పౌరుని లక్షణం. ముందుచూపు గలవారిని లోకం మెచ్చుకుంటుంది. తన వెనుక వచ్చేవారి చూపును గురించి కూడా ఆలోచించేవారే రోడ్డుపై నిజమైన ముందుచూపు గలవారు.